పావంగుళం

పావంగుళం పైకి.
అంతకుమించి వద్దంటాడు ఆల్సీడ్,
పెన్సిల్ పళ్ళమధ్య కరిచిపట్టుకుని.
టోలెడో బెండ్ మీద ఇంకా తెల్లవారలేదు,
లూసియానా గట్టున దోమలు మాత్రం లేచాయి.
జాక్ ప్లేటు బోల్టులు వదులుచేసి
రెండొందల యాభై గుర్రాల మోటారుని
నిద్రపోయే పిల్లాడి తల ఎత్తినట్టు
కాస్త ఎత్తి, మళ్ళీ బిగిస్తాడు.
నేను టార్చిలైటు పట్టుకునే మనిషిని.
పన్నెండేళ్ళుగా పక్క సీటు నాది,
గాలం వేసేటప్పుడు వెనక అరుగు నాది.

అతని షెడ్డులో మేకులకి వేలాడుతుంటాయి
ప్రొపెల్లర్లు, అద్దాల్లా తుడిచినవి.
ఇరవైమూడు పిచ్, ఇరవైనాలుగు, ఇరవైఐదు.
ఒక్క చుట్టు తిరిగితే అన్ని అంగుళాలు ముందుకెళ్ళాలని లెక్క.
చెక్కలో దిగే మర అయితే వెళ్తుంది.
నీళ్ళు చెక్క కావు.
పట్టు ఇచ్చినట్టే ఇచ్చి జారిపోతాయి,
వందకి పదో పన్నెండో ఎప్పుడూ బాకీ ఉంచుకుంటాయి.

మూడు రెక్కలది ముక్కుని ఆకాశానికి ఎత్తుతుంది.
నాలుగు రెక్కలది వెనకభాగాన్ని మోస్తుంది,
మలుపులో కాలు జారనివ్వదు,
కానీ చివర్లో ఒకటిన్నర మైలు మింగేస్తుంది.
మోటారు మరీ కిందుంటే నీళ్ళని ఈడుస్తుంది, మరీ పైకెక్కితే
నీళ్ళ బదులు గాలి తాగుతుంది,
ఒత్తిడి ముల్లు వాలిపోతుంది,
ఖాళీ కుండలో అరిచినట్టు అరుస్తుంది.
ఈ రెంటి మధ్యా ఎక్కడో ఒక పావంగుళం.
దానికోసం ఏప్రిల్ అంతా అయిపోయింది.

డెబ్భై ఒకటి దగ్గర ముల్లు మొరాయించింది.
అతనికి డెబ్భైనాలుగు కావాలి.
తోడల్లుడు యులిస్ పడవ
డెబ్భైమూడున్నర కొట్టిందట, అంతే.
రెండో లంగరు దించేశాం.
పనిముట్ల పెట్టె దించేశాం.
పెట్రోలు సగానికి తగ్గించాం.
ఐసుపెట్టె, వానకోట్లు, నా సీటుకింద ఎప్పటివో బిస్కట్లు.
ఇక తీసెయ్యడానికి పడవలో మిగిలింది నేనే,
రెండొందల నలభై పౌన్లు.

"ఫెర్నాండ్, కాస్త కాఫీ తెచ్చిపెడతావా" అన్నాడు
నావైపు చూడకుండా.

తెచ్చిపెట్టకేం.
రేవు పైన వెల్మా కొట్టు దాకా నడిచాను,
మెల్లగా, మోకాలికి కూడా సాకు దొరికినట్టు.
ఆవిడ కప్పుల్లో పోస్తుండగా విన్నాను,
ఆ మోటారు అలా పాడగలదని నాకు తెలీదు.
కొత్త గుడ్డని నిలువునా, ఆగకుండా చింపినట్టు
మునిగిన అడవి మీదుగా, నిలువునా నానుతున్న మొద్దుల మీదుగా
సాబీన్ పాత మలుపు దాటి వెళ్ళిపోయింది.
చక్కెర ఎంత అని ఆవిడ రెండుసార్లు అడిగింది.

తిరిగొచ్చాడు. తాడు అందుకున్నాను.
"ఎంత?"
"అదే డెబ్భై ఒకటి. ఎదురుగాలి" అన్నాడు.
కొట్టుమీద జెండా
తడి తువ్వాల్లా వేలాడుతోంది.
కాఫీ ఇచ్చాను. చల్లారిందన్నాడు. చల్లారలేదు.

మర్నాడు పట్టకారు కోసం పెట్టె తెరిస్తే
నోటుబుక్కు దొరికింది.
తేదీ. మూడు రెక్కలు. ఇరవైఐదు. ఎత్తు మూడుంబావు.
డెబ్భైనాలుగు పాయింట్ రెండు.
చివరి గడిలో, ఎప్పుడూ గాలీ అలా రాసుకునే చోట
'ఫె. లేడు' అని రాసి
పెన్సిల్ విరిగేలా రెండు గీతలు కొట్టేశాడు.
కింద, అదే రోజు, వేరే చేతిరాతలాంటి తొందరలో,
నాలుగు రెక్కలు. ఇరవైనాలుగు. అరంగుళం కిందికి.
డెబ్భై.
'ఇద్దరం.'

పట్టకారు తీసుకుని పెట్టె మూసేశాను.
అతను మోటారు కింద పడుకుని
బోల్టులు బిగిస్తున్నాడు,
లైటు సరిగ్గా పట్టుకోవేం అని
నన్ను తిడుతున్నాడు.